ఎస్కో గోడ

ఆ ఏడు జనవరి నెలాఖరు వచ్చినా మా ఉత్తర దేశపు సైమా సరస్సు మీద మంచు జానెడు కూడా పడలేదు. అడుగున ఐసు మాత్రం మూరెడు మందాన కట్టి, మీద బండి తోలినా మోసేటట్టుంది. ఐసు ఉండి మంచు లేకపోతే మనుషులకొచ్చిన నష్టమేం లేదు, పిల్లలు జారుకుంటూ ఆడుకుంటారు. కష్టమంతా సీళ్ళనే నీటి జంతువులది. గాలికి ఒడ్డు పక్కన పేరుకున్న మంచుదిబ్బలోకి కింది నుంచి కన్నం తొలుచుకొచ్చి, లోపల గది చేసుకుని, ఫిబ్రవరిలో అక్కడ పిల్లను కనడం ఆడసీలు పద్ధతి. దిబ్బ లేకపోతే బట్టబయట ఐసు మీద కనాలి. నక్కలూ కాకులూ ఆ పిల్లను వారం బతకనివ్వవు. ఉన్నవి మొత్తం నాలుగైదు వందలు, అవీ లోకంలో మరెక్కడా లేవు, మా సరస్సులోనే.

అందుకని ఊళ్ళో కొట్టు తలుపు మీద కాగితం అంటించారు. దిబ్బలు కట్టడానికి మనుషులు కావాలి, కూలి ఉండదు, పారా తిండీ ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి అని. కైసు ఆ కాగితాన్ని సోమవారం చదివింది, బుధవారం చదివింది, శుక్రవారం చదివి కింద ఉన్న ఫోను నంబరు అరచేతి మీద రాసుకుంది. ఆమెకు డెబ్భై రెండేళ్ళు. కుడి భుజం పైకెత్తితే కిర్రుమంటుంది. అయినా వెళ్ళాలనే నిర్ణయించుకుంది. గుట్టుచప్పుడు కాకుండా వెళ్ళి, నాలుగు పారల మంచు ఎత్తిపోసి, వచ్చెయ్యాలి. ఎవరితోనూ ఏమీ చెప్పకూడదు. చెప్పవలసినది ఒకటి ఆమె దగ్గర నలభై ఏళ్ళుగా ఉంది మరి.

శనివారం పొద్దున్న పడవల రేవు దగ్గర ఆరుగురు పోగయ్యారు. ముగ్గురు కాలేజీ పిల్లలు, పట్నం నుంచి వచ్చిన ఒక పళ్ళ డాక్టరు, కైసు, వీళ్ళందరికీ పెద్దగా అడవిశాఖ తరఫున రీక్కా. రీక్కాకు ముప్ఫై దాటి ఉండవు. సామాను లాగడానికి మంచుబండి వేసుకుని తైస్తో వచ్చాడు. తైస్తో కైసు పక్కింటి మనిషే. పక్కిల్లంటే మా దగ్గర కిలోమీటరున్నర. సైన్యంలో తనతో పాటు పనిచేసిన ఎస్కోను యాభై ఏళ్ళ కిందట ఒక వేసవిలో ఊరికి తీసుకొచ్చి, నాట్యాల పందిట్లో కైసుకు చూపించి పెళ్ళికి కారణమైంది అతనే. ఆ మంచి పని చేసినందుకు ఈనాటికీ కైసు దగ్గర కాఫీ వసూలు చేసుకుంటూనే ఉన్నాడు.

"ఏం కైసూ, ఆ పార కోసం మ్యూజియం వాళ్ళు ఇంకా రాలేదా?" అన్నాడు, కైసు చేతిలోని పాత చెక్కపార చూసి. దాని అంచుకు తగరపు రేకు తాపడం ఉంది. ఎస్కో వాడిన పార.

"ముందు నీకోసం వస్తామన్నారు. నిన్ను ఎక్కించాక దీన్నిస్తాను" అంది కైసు.

"నన్ను మోసుకెళ్ళాలంటే వాళ్ళకి నలుగురు మనుషులు కావాలి. ఇంతకీ మనమంతా చేసే పనేంటి? సీలుగారికి పడగ్గది కట్టడం. నా పెళ్ళిలో నాకెవడూ కట్టలేదు."

"అందుకే నీ పెళ్ళాం వెళ్ళిపోయింది."

"అదీ నిజమే" అని ఒప్పుకుని తైస్తో బండి స్టార్టు చేశాడు.

మొదటి దిబ్బ ఆవుల దీవి పడమటి ఒడ్డున. రీక్కా కర్రతో ఐసు మీద గీత గీసి చూపించింది. ఒడ్డు వెంబడే ఉండాలి, ఎనిమిది మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, ఎత్తు రొమ్ముదాకా. గాలి వచ్చే దిక్కును చూసుకుని కట్టాలి, అప్పుడు తర్వాత పడే మంచును కూడా గాలే తెచ్చి దాని మీద పోస్తుంది. చుట్టుపక్కల పలచగా ఉన్న మంచునంతా గీకి తేవాలి. అందరూ పనిలో పడ్డారు. అరగంటయ్యాక చూస్తే డాక్టరు తన వైపు దిబ్బను పలక కొట్టి, మూలలు తీర్చి, పెట్టెలాగా తయారు చేశాడు.

"డాక్టరు గారూ, దానికి పాలిష్ పెట్టకండి. సీలు నోరు తెరిచి చూపించదు మీకు" అంది రీక్కా. పిల్లలు నవ్వారు. డాక్టరు కూడా నవ్వి, తను తీర్చిన మూలలను తనే పారతో చెరిపేశాడు.

కైసు నవ్వలేదు. ఆమె పార నేలకు ఆనించి ఆవుల దీవి వంక చూస్తూ నిలబడింది. ఆ దీవికి ఆ పేరు ఊరికే రాలేదు. ఆమె చిన్నప్పుడు వేసవి వచ్చిందంటే వాళ్ళ నాలుగు ఆవులనూ పెద్ద పడవలో ఎక్కించి అక్కడ వదిలేసేవారు. ఇక సెప్టెంబరు దాకా మేతకు లోటు లేదు, తోడేళ్ళ భయం లేదు. కానీ పాలు పితకాలంటే మనుషులే దీవికి పోవాలి. రోజుకు రెండుసార్లు తల్లి పడవ వేసుకుని వెళ్ళేది, తెడ్ల మధ్య కైసు కూచునేది, కాళ్ళ దగ్గర ఖాళీ బిందెలు గణగణలాడేవి. దీవికి ఉత్తరపు కొనలో నీళ్ళలోకి చొచ్చుకుని ఒక నల్లటి రాయి ఉంది. ఆవులు అక్కడికే వచ్చి నిలబడి, మెడ గంటలు మోగిస్తూ ఎదురుచూసేవి. గంటరాయి అనేవారు దాన్ని. పడవ దగ్గరవుతుంటే తల్లి ఆవులను పేరుపేరునా సాగదీసి పిలిచేది. ఆ పిలుపుకు ఆవులు తలలెత్తేవి. ఆవులతో పాటు నీళ్ళలోంచి ఇంకొక తల కూడా లేచేది, గుండ్రంగా, నున్నగా, మీసాలతో.

"మన అయిదో ఆవు" అనేది తల్లి. "ఇది పాలివ్వదు, మేతా అడగదు. దీని సుఖమే సుఖం."

కైసు చేతులు నీళ్ళలో ముంచి ఆ తలను తన వైపు పిలిచేది. అది వచ్చేది కాదు, పోయేదీ కాదు. పాలతో నిండిన బిందెలకు తల్లి తడిగుడ్డలు కప్పి తెడ్లు అందుకుంటే కొంత దూరం వెనకే ఈదుతూ వచ్చి సాగనంపేది. ఆ పొద్దుల్లో నీటి మీద పాల వాసన, పడవకు పూసిన తారు వాసన కలిసి ఉండేవి. డెబ్భై రెండేళ్ళ కైసుకు ఇప్పటికీ ఎక్కడైనా తారు వాసన తగిలితే ఆకలేస్తుంది.

"కైసు గారూ, అలిసిపోయారా?" అని రీక్కా అడిగింది.

"లేదమ్మా" అని ఆమె మళ్ళీ పార పట్టింది. పట్టి, దిబ్బ వంక చూసి, అక్కడే ఆగిపోయింది. ఇప్పుడది రొమ్ముదాకా లేచింది. పొడుగ్గా, ఒడ్డు వెంట, ఒక వైపు వాలుగా. ఆ ఆకారం ఆమెకు తెలుసు. ఇరవై ఏడు చలికాలాలు చూసింది దాన్ని, ఒడ్డున ఆవిరిస్నానానికి కట్టుకున్న తన సౌనా కిటికీలోంచి.

తెలియకేం, ఊళ్ళో అందరికీ తెలిసిన గోడే అది. ఎస్కో ఏటా జనవరిలో ఐసుకు కన్నం వేసి మాడె చేపలు పట్టడానికని గంటరాయి దగ్గరకు ఒంటరిగా వెళ్ళేవాడు. గాలి తగలకుండా అడ్డం అని ఎనిమిది మీటర్ల పొడవున మంచు గోడ కట్టేవాడు. కట్టి, గాలి వచ్చే వైపే కూచునేవాడు. గోడ వెనక ఉంటుంది, గాలి ముందు నుంచి కొడుతూ ఉంటుంది. ఒక్క మాడె కోసం చైనా వాడి గోడ కట్టి, దానికి అవతల కూచున్న మొనగాడు అని తైస్తో ఊరంతా చెప్పి నవ్వించేవాడు. ఎస్కో కూడా నవ్వేవాడు. సాయంత్రానికి చెమటతో వీపు తడిసి, ఖాళీ సంచీతో ఇంటికొచ్చేవాడు. తనంటే మొహం మొత్తి, కళ్ళెదుట ఉండలేక పోతున్నాడని కైసు అనుకునేది. అలా అనుకోవడానికి ఆమెకు కారణం ఉంది.

కారణం నలభై ఏళ్ళ కిందటి నడివేసవి పండగ. అప్పుడు కైసుకు ముప్ఫై ఒకటి. ఎస్కో ఇల్లరికం వచ్చిన మనిషి, మెత్తటివాడు, మాటలు తక్కువ. పండగకు అతని అక్క కూపియో పట్నం నుంచి వస్తోంది. ఆ మహాతల్లి ఎప్పుడొచ్చినా బంగాళాదుంపల గిన్నెలోకి తొంగి చూసి "మీ ఇంట్లో ఇదే కదా" అని ఒక మాట విసిరి పోతుంది. ఈసారి ఆవిడ నోరు మూయించాలంటే కుహా చేపలు, పెద్దవి, బల్ల నిండా పరవాలి. కుహా తప్పకుండా దొరికే చోటు గంటరాయి. పండగకు ముందురోజు సాయంత్రం కైసు కొత్త వల పడవలో వేసుకుంటుంటే ఎస్కో వచ్చి నిలబడ్డాడు.

"గంటరాయి దగ్గర వద్దు" అన్నాడు.

"ఎందుకొద్దు?"

"ఈ నెల వద్దులే."

అంతే. మా సావో సీమ మనుషులకొక తెగులుంది. సూటిగా అడిగితే సూటిగా చెప్పడం మాకు పరువు తక్కువ. అర్థమయ్యేవాళ్ళకు అవుతుంది, కాకపోతే వాళ్ళ ఖర్మ. కైసుకు ఒళ్ళు మండింది. తను పుట్టిన ఇల్లు, తను ఉగ్గుపాలతో ఎరిగిన సరస్సు, నిన్నగాక మొన్న ఇల్లరికం వచ్చినవాడు వల ఎక్కడ వెయ్యాలో తనకు చెబుతాడా? వెళ్ళి సరిగ్గా గంటరాయి దగ్గరే వేసింది. ఆ అయిదో ఆవు కథ అమ్మతోనే ముగిసిపోయిందని, ఆ వైపు సీలన్నదే రాదని ఆమె అనుకుంది. కైసు అక్కడ సీలును చూసి పదిహేనేళ్ళయింది మరి.

పొద్దున్న వల తీయడానికి ఇద్దరూ వెళ్ళారు. వల బరువుగా వచ్చింది. మొదట కైసు సంతోషించింది కూడా. ఆ సంతోషాన్ని ఆమె తనకు తాను ఏనాడూ క్షమించుకోలేదు. పైకొచ్చింది చేపలు కాదు. ఆ ఏడు పుట్టిన పిల్ల, వీపు మీద ఉంగరాల్లాంటి మచ్చలు అప్పుడే తేలుతున్నాయి, వల దారాలు మెడకు నాలుగు చుట్లు. పడవకు కొంచెం ఎడంగా తల్లి సీలు తల పైకొచ్చి, మునిగి, మళ్ళీ వచ్చింది.

ఎస్కో చాకు తీసి, కొత్త వలను ముక్కలుగా కోసి, పిల్లను విడిపించాడు. దీవి మీద జూనిపరు పొదల కింద గొయ్యి తీసి పూడ్చాడు. అప్పుడైనా ఎస్కో ఒక తిట్టు తిట్టి ఉంటే బాగుండేదని కైసు తర్వాత ఎన్నోసార్లు అనుకుంది. ఇంటికొచ్చాక వాళ్ళ అక్కతో "చేపలంటే నాకీ మధ్య మొహం మొత్తింది, ఈసారి సాసేజీలు కాల్చుకుందాం" అన్నాడు. ఆ తర్వాత ఏ నడివేసవికీ ఆ ఇంట చేప వండలేదు. ఏటా ఆ మాంసపు సాసేజీలే. ఎస్కో గుప్పెడు ఆవపిండి ముద్ద రాసుకుని రెండేసి తినేవాడు. ఏటా ఆ పండగనాడు ఆ సాసేజీ తనకు వేస్తున్న శిక్షేనని కైసు తలొంచుకుని తినేది. ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. పద్నాలుగేళ్ళ కిందట ఎస్కో పోయాడు.

రెండింటికల్లా నాలుగు దిబ్బలు పూర్తయ్యాయి. అందరూ ఐసు మీద దుప్పి తోళ్ళు పరుచుకుని కాఫీకి కూచున్నారు. కైసు తెచ్చిన రై పిండి చేపరొట్టె ముక్కలు కోసి పంచింది. వెలుగు ఇంకో గంటన్నర ఉంటుంది, అంతే. రీక్కా కాగితం చూసి, ఆఖరి దిబ్బ దీవికి దక్షిణాన అని చెప్పింది.

"గంటరాయి దగ్గర కట్టాలి" అంది కైసు. ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"ఉత్తరపు కొనలోదా? అది మా జాబితాలో లేదు కైసు గారూ."

"వసంతంలో రాయి మీద ఒకటి పడుకుంటుంది. నాలుగేళ్ళుగా చూస్తున్నాను."

"ఎండ కాగడానికి అవి ఏ రాయైనా ఎక్కుతాయి. పిల్లను కనే చోటు వేరు. ఇక్కడి మంచు ఇంకొక్క దిబ్బకే వస్తుంది, వెలుగూ అంతే. ఊహ మీద అటు తీసుకెళ్ళలేను. మొదట లెక్కలకొచ్చిన వాళ్ళు మీ ఆయన్నే అడిగారట, గంటరాయి దగ్గర సీళ్ళున్నాయా అని. ఉంటే ఉండొచ్చు, లేకపోతే లేకపోవచ్చు అన్నాడట. అదే రాసి ఉంది మా దగ్గర."

తైస్తో కాఫీలోకి నవ్వాడు. "ఎస్కో అంతకన్నా సూటిగా ఎప్పుడూ చెప్పలేదమ్మా. ప్రమాణం."

కైసు కప్పు కింద పెట్టింది. ఊరుకుంటే ఎవరూ ఏమీ అనరు. దక్షిణాన దిబ్బ కట్టి ఇంటికి పోవచ్చు. ఇంకో మూడు వారాలకు గంటరాయి పక్కన ఉత్త ఐసు మీద ఒక పిల్ల పుడుతుంది, కాకులు వచ్చి చుట్టూ వాలతాయి. ఒకదాన్ని తనే ముంచేసింది. రెండోదాన్ని నోరు మూసుకుని చంపాలా? చెబితే రీక్కా తన వంక ఎలా చూస్తుందో, తైస్తో నోట పడితే రేపు ఊరు ఏమంటుందో ఆమెకు తెలియదు. చేతులను చంకల్లో దాచుకుంది.

"ఊహ కాదమ్మా. అక్కడ ఒక పిల్లని నేను చంపాను" అంది. "ఎనభై నాలుగులో. నడివేసవి పండగ పొద్దున్న. వల నాది. వద్దన్నా వినకుండా నేనే వేశాను. ఎస్కో దాన్ని పొదల కింద పూడ్చాడు. నెలల పిల్ల, దూరం నుంచి వచ్చింది కాదు. తల్లి పక్కనే ఉంది. అక్కడే పుట్టింది."

కాలేజీ పిల్లలు రొట్టె నమలడం మానేశారు. రీక్కా కాగితం మడిచింది.

"ఎంత ఉంది పిల్ల?" అని నెమ్మదిగా అడిగింది.

"ఇంత" అని కైసు చేతులు చాపింది, కిర్రుమనే భుజంతోనే.

తైస్తో ఆమె వంకే చూస్తున్నాడు. అతని మొహంలో వెటకారం మచ్చుకైనా లేదు.

"వల నీదా?" అన్నాడు.

"నాదే."

"ఎస్కో తనదన్నాడే."

కైసుకు అర్థం కాలేదు. "ఎప్పుడన్నాడు? ఎవరితో?"

"ఆ వేసవిలోనే. మా సౌనాలో, పై బల్ల మీద కూచుని. తైస్తో, నా చేత్తో వేసిన వలలో ఒకటి పోయింది, వద్దని తెలిసీ వేశాను, నువ్వు జూన్‌లో గంటరాయి జోలికి పోకు అన్నాడు. నాతోనే కాదు, ఇవతలి గట్టున ఉన్న ఏడిళ్ళకీ వెళ్ళి ఇదే చెప్పొచ్చాడు. ఇల్లరికపోడు మన సీల్ని చంపాడని మా నాన్న రెండేళ్ళు వాడితో మాట్లాడలేదు. కాగితం మీద కట్టుబాట్లు వచ్చింది ఎప్పుడో తర్వాత. గంటరాయి దగ్గర మేమెవరమూ ఆనాటి నుంచే వల వెయ్యలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడిగావా?"

కైసుకు ముందు కోపం వచ్చింది. చచ్చినవాడి మీద అంత కోపం రావచ్చని ఆమె ఎరగదు. ఏడిళ్ళ గడపలు ఎక్కి తన తప్పు నెత్తినేసుకున్నవాడు, పక్కన పడుకున్న మనిషితో ఒక్క ముక్క అనడానికి నోరు రాలేదా? లేచి, పార భుజాన వేసుకుని, ఉత్తరపు కొన వైపు నడక మొదలుపెట్టింది.

"మరి ఆ గోడ?" అంది నడుస్తూనే, వెనక్కి తిరగకుండా.

తైస్తో బండి సంగతే మరిచిపోయి ఆమె వెనకే పడ్డాడు. "గోడ సంగతి చెప్పలేదు. నేను ఊరంతా తిరిగి నవ్విస్తుంటే నవ్వనిచ్చాడు." కొంచెం దూరం పోయాక మళ్ళీ అన్నాడు. "గాలికి ఎదురుగా కూచునేవాడంటే... సీలు కోసం కట్టిన దిబ్బ పాడవకుండా ఇవతల కూచునేవాడన్నమాట. నేనొట్టి గాడిదని కైసూ."

"ఇప్పుడా తెలిసింది?" అంది కైసు.

గంటరాయి దగ్గర రీక్కా ఐసుకు సన్న కన్నం తొలిచి లోతు చూసింది. సరిపోతుంది అంది. గాలి దిక్కు చూసింది, సరిపోతుంది అంది. మొదలు ఎక్కడ పెట్టాలా అని ఒడ్డు వెంట నడుస్తూ రాళ్ళ దగ్గర వంగింది.

"ఈ రంగెవరు వేశారు?"

మోకాలెత్తున ఒక రాతి మీద బొటనవేలంత ఎర్ర చుక్క ఉంది. ఎండకూ ఐసుకూ సగం రాలిపోయింది. కైసు అక్కడి నుంచి ఒడ్డు వెంట పది అడుగులు వేసి చూసింది. రెండో చుక్క అక్కడుంది. ఆ రంగు ఆమెకు తెలుసు, వాళ్ళ సౌనా తలుపుకు వేసిన రంగు. ఎనభై అయిదు శరత్కాలంలో డబ్బాలో అడుగున మిగిలిన రంగేమైందని ఆమె ఎస్కోను నిలదీసింది. ఎలకలు తాగి ఉంటాయి అన్నాడు. ఆమె అతన్ని మూడు రోజులు సాధించింది.

"ఇక్కణ్ణించి ఇక్కడికి" అంది కైసు. "గీతలు గియ్యక్కర్లేదమ్మా. ఆయన ముందే గీసి పెట్టాడు."

రీక్కా కర్ర పక్కన పడేసింది. వెలుగు పోయేదాకా అందరూ మంచు ఎత్తిపోశారు. డాక్టరు ఈసారి మూలలు తీర్చలేదు. తైస్తో బండి పక్కన నిలబడి చూసే మనిషి, ఆ రోజు పార అడిగి తీసుకున్నాడు. అతనికి ఇచ్చింది ఎవరో కాలేజీ కుర్రాడి ప్లాస్టిక్ పార. చెక్కపార కైసు ఎవరికీ ఇవ్వలేదు.

ఏప్రిల్లో, దిబ్బలు కూలి సీళ్ళు వెళ్ళిపోయాక, రీక్కా లెక్కలకు తిరిగింది. సాయంత్రం ఫోను చేసింది. గంటరాయి దిబ్బలో గది ఆనవాలు ఉందని, నేలంతా బూడిదరంగు పిల్లబొచ్చు అంటుకుని ఉందని చెప్పింది. కైసు "మంచిదమ్మా" అని ఫోను పెట్టేసి, గిన్నెలు కడగడానికి వెళ్ళి, కడిగిన గిన్నెలనే మళ్ళీ కడిగింది.

నడివేసవి పండగకు తైస్తో వచ్చాడు. ఎప్పుడూ కాఫీ తాగి పోయేవాడు, ఈసారి సాసేజీల పొట్లం, ఆవపిండి ముద్ద గొట్టం తెచ్చాడు. ఈ ఇంట పండగనాడు ఏం తింటారో అతనికి తెలుసు. సౌనా మెట్ల మీద కూచుని ఇద్దరూ పుల్లలకు గుచ్చి కాల్చారు. ఎదురుగా సరస్సు మీద ఒక్క అల లేదు. గంటరాయి నల్లగా మెరుస్తోంది. దాని పక్కన చిన్న తల ఒకటి పైకొచ్చింది, గుండ్రంగా. అమ్మ ఆవులను పిలిచినట్టు పిలుద్దామని కైసు నోరు తెరిచి, మళ్ళీ పుల్లను మంట మీద తిప్పింది. తల కాసేపు అటూ ఇటూ చూసి మునిగింది.

"ఎస్కో ఉంటే ఇప్పటికి రెండు లాగించేవాడు. సాసేజీ అంటే ప్రాణం ఆయనకి" అంది కైసు.

తైస్తో పుల్ల తిప్పడం ఆపాడు. "ఎవరికి, ఎస్కోకా?"

"ఏం?"

"ఏడాది పాటు సైన్యంలో వాడి పళ్ళెంలో సాసేజీలన్నీ నేనే తిన్నాను కైసూ. ఆ వాసనకే వాడికి కడుపులో తిప్పేది. పక్క బల్లకి పోయి కూచునేవాడు."

కైసు వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిది పండగలు. ఏటా రెండేసి. ఆ గుప్పెడు ఆవపిండి ముద్ద ఎందుకో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"ఆ గొట్టం ఇలా ఇవ్వు" అంది.

ఎస్కో రాసుకున్నంత దట్టంగా తన సాసేజీకి రాసుకుని కొరికింది. నోరు మండిపోయి, ముక్కు మండిపోయి, కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తుడుచుకోకుండా రెండో ముక్క కూడా కొరికింది. తైస్తో చూడనట్టు సరస్సు వైపు తిరిగి కూచున్నాడు.